గర్భం ఆపలేని మాత్ర

1962లో ఇంగ్లండులోని ఆల్డర్లీ పార్కులో, ఐసీఐ మందుల కంపెనీ ల్యాబ్‌లో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక కొత్త పదార్థం తయారుచేశారు. అప్పటికి దానికి పేరు లేదు, నంబరే: ఐసీఐ 46,474. ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అడ్డుకుంటే గర్భం నిలవదన్నది ఆ ల్యాబ్‌లోని ఆర్థర్ వాల్పోల్ బృందం ఆలోచన. ఎలుకల్లో అచ్చం అలాగే జరిగింది. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. అండం విడుదల ఆగకపోగా ఇంకా ఊపందుకుంది. గర్భం రాకుండా ఇద్దామనుకున్న మందు, పిల్లలు కావాలనుకునేవాళ్లకు పనికొచ్చేదిగా తేలింది!

ఇంకొకరైతే ఫైలు అక్కడితో మూసేసేవారు. వాల్పోల్ మనసు మాత్రం ఎప్పటినుంచో క్యాన్సర్ మీద ఉంది. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో, ఈస్ట్రోజెన్ తయారయ్యే అండాశయాలు తీసేస్తే గడ్డలు కరగవచ్చని 1896లోనే గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ లోకానికి చెప్పారు. కత్తి పెట్టకుండా మాత్రతోనే ఆ పని జరిగితే?

మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆస్పత్రిలో డాక్టర్ మేరీ కోల్ ఈ మందును రోగుల మీద పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 46 మందిలో 10 మందికి గుణం కనిపించింది. అంకె చిన్నదే. అయితే అప్పటిదాకా వాడుతున్న హార్మోన్ మందులు పెట్టే బాధ ఇందులో బాగా తక్కువ. ఆ రోగుల స్థితిలో అదెంత పెద్ద ఊరటో! కంపెనీ మాత్రం అమ్మకాల లెక్క వేసుకుని వెనకాడింది. ఉద్యోగం వదిలేస్తానని వాల్పోల్ పట్టుబట్టాకే పని ముందుకు కదిలిందంటారు. 1973లో బ్రిటన్‌లో, 1977 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే టామాక్సిఫెన్. అమెరికా అనుమతి నాటికి వాల్పోల్ లేరు, ఆ ఏడాదే కన్నుమూశారు.

చాలా రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చునే రిసెప్టర్లు ఉంటాయి. బస్సు సీటు మీద ముందే తువ్వాలు వేసినట్టు, టామాక్సిఫెన్ అక్కడ చేరిపోతుంది. పెరగమన్న కబురు కణానికి అందదు. రిసెప్టర్ లేని క్యాన్సర్‌కు ఇది పనిచేయనిది అందుకే. దీన్ని ఏళ్ల తరబడి వాడాలని ఎలుకల మీద పరిశోధనలతో క్రెయిగ్ జోర్డాన్ అనే శాస్త్రవేత్త వాదించారు. ఇప్పుడు ఐదేళ్లు, కొందరికి పదేళ్లు ఇస్తున్నారు. గర్భాశయంలో మాత్రం ఇదే మందు ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తుంది, అక్కడ క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది. ముట్లుడిగాక రక్తస్రావం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మగవాళ్లకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అరుదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, సిగ్గుపడి ఆలస్యం చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకూ ఎక్కువగా ఇచ్చేది ఈ మాత్రే.

గర్భం రాకుండా చూసే మాత్ర కావాలని ఇంగ్లండులో పెట్టుకుని తప్పిపోయిన మొదటి ఆశ మన దేశంలో నెరవేరింది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్‌ఐ)లో నిత్య ఆనంద్ బృందం ఇదే కోవకు చెందిన సెంట్‌క్రోమాన్ తయారుచేసింది. 1991లో అది 'సహేలి'గా బయటికొచ్చింది. ఇవాళ ప్రభుత్వ ఆస్పత్రుల్లో 'ఛాయ' పేరుతో ఉచితంగా ఇస్తున్న గర్భనిరోధక మాత్ర అదే: మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి.