పిలిచినా పలకని పిల్లలు: ఆటిజం నిర్ధారణ చరిత్ర

రెండేళ్లు నిండిన పిల్లవాడు. పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కాని పక్కగదిలో బిస్కెట్ల డబ్బా మూత తీసిన చప్పుడు వింటే పరుగెత్తుకొని వస్తాడు. "అదిగో చందమామ" అని తల్లి వేలుపెట్టి చూపిస్తే ఆ వైపు చూడడు. బొమ్మబండిని నడపడు, తలక్రిందులు చేసి దాని చక్రాన్ని మాత్రం గంటల తరబడి త్రిప్పుతూ కూర్చుంటాడు. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి, కంగారు పడకండి" అని ఇంటి పెద్దలు ధైర్యం చెబుతారు. ఆ ధైర్యంతోనే ఏడాదో రెండేళ్లో గడచిపోతాయి.

ఇటువంటి పిల్లలు నిన్నగాక మొన్న పుట్టుకొచ్చినవారు కారు. వెనుకటి కాలంలోనూ ఉండే ఉంటారు. కాని వారి స్థితికి ఒక పేరు ఏర్పడి, దానిని గుర్తించే పద్ధతి ఏర్పడి ఎంతో కాలం కాలేదు. ఆ చరిత్రలో శాస్త్రజ్ఞుల సూక్ష్మపరిశీలన ఎంత ఉన్నదో, వారి పొరపాట్లూ అంత ఉన్నవి. ఆ పొరపాట్ల బరువు మోసినవారు మాత్రం తల్లులు.

మాట పుట్టుక

గ్రీకు భాషలో 'ఆటోస్' అంటే 'తాను' అని అర్థం. 1910 ప్రాంతంలో స్విట్జర్లాండు దేశపు మానసిక వైద్యుడు బ్లాయిలర్ దీని నుండి 'ఆటిజం' అనే మాట కల్పించాడు. అయితే ఆయన దృష్టిలో ఉన్నది పిల్లలు కారు. స్కిజోఫ్రీనియా రోగులు లోకాన్ని విడిచి తమలో తాము మునిగిపోవడాన్ని ఆయన ఆ పేరుతో పిలిచాడు.

1925లో మాస్కోలో సుఖరేవా అనే వైద్యురాలు ఆరుగురు బాలుర ప్రవర్తనను వర్ణించింది. నేడు మనం ఆటిజం అని చెప్పుకొనే లక్షణాలలో అనేకం ఆ వర్ణనలో కనిపిస్తాయి. మరుసటి ఏడు అది జర్మన్ భాషలో వెలువడింది. కాని ఇంగ్లీషులోకి వచ్చింది 1996లోనే. అందువల్ల ఆమె పేరు చాలాకాలం మరుగున ఉండిపోయింది.

ముప్పైమూడు పుటల ఉత్తరం

1938లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం నుండి ఒక న్యాయవాది, బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో ఉన్న లియో కానర్‌కు ముప్పైమూడు పుటల ఉత్తరం వ్రాశాడు. అది అతని కొడుకు డొనాల్డ్‌ను గురించినది. నాలుగేళ్లయినా నిండకముందే ఆ బిడ్డను వైద్యుల సలహాపై ఇంటికి దూరంగా ఒక సంస్థలో ఉంచారు. ఏడాది కావస్తుండగా తల్లిదండ్రులు వెనక్కు తెచ్చుకున్నారు. ఆ తండ్రి ఏ సిద్ధాంతాన్నీ ప్రతిపాదించలేదు. తాను కన్నది కన్నట్టు వ్రాశాడు. శాస్త్రానికి కావలసినది అదే.

1943లో కానర్ పదకొండుగురు పిల్లలను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. వారిలో ఎనిమిదిమంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. మొదటివాడు డొనాల్డ్. ఎనిమిదిమందికి మాటలు వచ్చినవి, ముగ్గురికి రాలేదు. మాటలు వచ్చినవారిలోనూ కొందరు "నేను" అనవలసిన చోట "నువ్వు" అనేవారు. కొందరిని మొదట చెవిటివారనుకున్నారు. మనుషుల నడుమ ఉండి కూడా ఒంటరిగా ఉండడం, చుట్టూ ఉన్న దేదీ మారకూడదని పట్టుపట్టడం, ఈ రెండిటినీ కానర్ ముఖ్య లక్షణాలుగా ఎంచాడు. ఇది పుట్టుకతో వచ్చినదని కూడా ఆయన అభిప్రాయపడ్డాడు.

మరుసటి ఏడు, 1944లో, వియన్నాలో ఆస్పెర్గర్ అనే వైద్యుడు నలుగురు బాలురను వర్ణించాడు. వీరికి మాటలు ధారాళంగా వచ్చు. తోటివారితో కలియడం మాత్రం రాదు. ఆస్పెర్గర్ చాలాకాలం పిల్లల రక్షకుడుగా పేరు పొందాడు. కాని 2018లో వెలువడిన ఒక చారిత్రక పరిశోధన ఆ పేరును తలక్రిందులు చేసింది. నాజీల పాలనలో వందలాది పిల్లలు ప్రాణాలు కోల్పోయిన ష్పీగెల్‌గ్రుండ్ ఆసుపత్రికి ఆయన కొందరు పిల్లలను పంపిన దస్తావేజులు అందులో బయటపడినవి.

తల్లులపై నింద

కానర్ తన వ్యాసంలో మరొక మాట కూడా వ్రాశాడు: ఈ పిల్లల తల్లిదండ్రులలో ఆప్యాయత కలవారు తక్కువ అని. చూచినది పదకొండు కుటుంబాలనే. అయినా ఆ విత్తనం మొలిచి మానైంది. 'రెఫ్రిజరేటర్ తల్లి' అనే మాట పుట్టింది. తల్లి ప్రేమ చల్లబడినందువల్ల బిడ్డ ముడుచుకుపోయాడని దాని భావం. చికాగోలో బెటల్‌హైమ్ 1967లో ఇదే వాదంతో పెద్ద గ్రంథం వ్రాసి ప్రసిద్ధి పొందాడు. ఎందరో తల్లులు చేయని నేరానికి తలవంచుకున్నారు.

దీనిని ఎదిరించినవారిలో ముఖ్యుడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త; ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి కూడా. 1964లో ఆయన ప్రచురించిన గ్రంథం ఇది మెదడుకు సంబంధించిన విషయమని వాదించింది. ఆ గ్రంథానికి పీఠిక వ్రాసినది కానరే. 1969లో తల్లిదండ్రుల సభలో నిలిచి, వారి దోషం లేదని కానర్ బహిరంగంగా ప్రకటించాడు.

వాదానికి ప్రమాణం కావాలి. ఆ ప్రమాణం 1977లో ఇంగ్లండు నుండి వచ్చింది. ఫోల్‌స్టీన్, రటర్ అనే వైద్యులు ఇరవైఒక్క కవలల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుండి పుట్టిన పదకొండు జంటలలో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉన్నది. వేరువేరు అండాల నుండి పుట్టిన పది జంటలలో ఒక్కదానిలో కూడా ఇద్దరికీ లేదు. కవలలు ఏ రకం వారైనా పెంచిన తల్లి ఒక్కరే కదా! పెంపకమే కారణమైతే రెండు రకాల జంటల మధ్య ఈ తేడా ఎందుకుండాలి? జంటలు కొద్దివే అయినా, తరువాతి పరిశోధనలు జన్యువుల పాత్రను బలపరచినవి.

వర్ణపటం

గాజుపట్టకం గుండా వచ్చిన వెలుగులో ఎరుపు ఎక్కడ ముగిసి నారింజ ఎక్కడ మొదలైనదో గీత గీసి చూపలేము. ఆటిజం కూడా అటువంటిదేనని గ్రహించినది లండన్ వైద్యురాలు లోర్నా వింగ్. ఆమె కుమార్తెకు కూడా ఆటిజం ఉండేది. 1979లో ఆమె జుడిత్ గూల్డ్‌తో కలిసి, కానర్ వర్ణనకు సరిగా ఒదగని పిల్లలు కూడా ఎందరో ఉన్నారని చూపింది. 1981లో ఆస్పెర్గర్ వర్ణించిన రకాన్ని వెలుగులోకి తెచ్చింది.

అమెరికా మానసిక వైద్యుల సంఘపు గ్రంథం 1980లో ఆటిజాన్ని స్కిజోఫ్రీనియా నుండి వేరుచేసింది. 1994లో ఆస్పెర్గర్ పేరును చేర్చింది. 2013లో ఆ భేదాలను తొలగించి అన్నిటినీ ఒకే వర్ణపటంగా ప్రకటించింది. గీత జరిగినకొద్దీ లెక్క పెరిగింది. సంఖ్య పెరుగుదలకు ఇది ఒక పెద్ద కారణం. టీకాలు కారణమని 1998లో పన్నెండుగురు పిల్లల ఆధారంతో వెలువడిన ఒక వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో ఉపసంహరించుకున్నది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితాలలో అట్టి సంబంధమేదీ కనిపించలేదు.

నిర్ధారణ నేడు

దీనికి రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. ముందు వినికిడి పరీక్షిస్తారు. తరువాత బిడ్డ చూపు, సైగ, ఆట, మాట గమనించి, తల్లిదండ్రులను వివరంగా అడుగుతారు. ఆ తండ్రి ఉత్తరానికి ఉన్న విలువ నేటికీ తగ్గలేదు. మన దేశానికి అనువైన కొలమానాన్ని సికిందరాబాదులోని జాతీయ సంస్థ రూపొందించింది. దానిలో 40 అంశాలున్నవి. ఒక్కొక్క దానికి 1 నుండి 5 వరకు అంకెలు వేస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం వర్ణపటానికి కూడా స్థానం లభించింది.

డొనాల్డ్ ఏమైనాడు? 1942లో అతన్ని ఒక రైతు దంపతుల వద్ద ఉంచారు. అతనికి కొలతలంటే వెర్రి. ఆ రైతు అతని చేత నుయ్యి త్రవ్వించి లోతు కొలిచి చెప్పమన్నాడు. మొక్కజొన్న సాళ్లు లెక్కపెడతానంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నాడు. అతడు 1958లో పట్టభద్రుడై, బ్యాంకులో ఉద్యోగం చేసి, 2023లో 89వ ఏట కన్నుమూశాడు. అతని ఆటిజం పోలేదు. అందరు పిల్లలూ అంత దూరం రాగలరనీ చెప్పలేము. కాని అతని వెర్రిని మాన్పించబోక, దానికే పని కల్పించిన రైతు ఏ వైద్యశాస్త్రమూ చదువుకోలేదు.

కనుక బిడ్డ ఏడాది దాటినా పేరు పిలిస్తే తిరిగి చూడకపోతే, వేలుపెట్టి చూపించకపోతే, "మాటలు వస్తాయిలే" అని ఎదురుచూస్తూ కూర్చోవద్దు. చూచినదంతా ఒక కాగితం మీద వ్రాసి, దానిని తీసుకొని వైద్యుని వద్దకు వెళ్లండి.