పిలుపా? వృత్తియా?

వైద్యుడుగాని, న్యాయవాదిగాని, మావంటి బడిపంతులుగాని తన వృత్తిని దానే యెన్నుకొంటినని చెప్పుటకు సంకోచింపడు. క్రైస్తవబోధకు డట్లు చెప్పరాదు. ఆంగ్లేయసంఘమున 1662 నాటి ప్రార్థనాగ్రంథము ననుసరించి, డీకనుపదవిని గోరువానిని బిషప్పు ప్రశ్నించును: పరిశుద్ధాత్మయే నిన్నీ సేవకు లోపలనుండి ప్రేరేపించెనని నమ్ముచున్నావా? నమ్ముచున్నానని చెప్పినగాని యా పదవి లేదు.

కాని పదునెనిమిదవ శతాబ్దమున నీ యుత్తరము చెప్పినవారిలో ననేకులు భూస్వాముల చిన్నకుమారులు. పెద్దవానికి భూమి, చిన్నవానికి సైన్యమో, న్యాయస్థానమో, దేవాలయమో. గ్రామగురువునకు బంటలో బదవపాలును మాన్యమును గలవు. గురువును నియమించు హక్కు సైత మాస్తివలె క్రయవిక్రయముల కెక్కుచుండెను. మన దేవాలయముల మిరాసీల చరిత్ర నెఱిగినవారి కిది వింతగాదు.

జాన్ వెస్లీ 1703లో నిట్టి గురుగృహముననే జన్మించెను. తండ్రి ఎప్‌వర్తు గ్రామగురువు. కుమారుడు ఆక్స్‌ఫర్డున జదివి 1725లో డీకనును, 1728లో గురువును అయ్యెను. తరువాత గ్రైస్తవబోధకై అమెరికాలోని జార్జియాకు బోవుచుండగా సముద్రమున దుపాను రేగెను. ఓడలోని మొరేవియను లను జర్మను భక్తులు నిర్భయముగా గీర్తనలు పాడుచుండిరి. గురువైన వెస్లీ మరణమునకు వెఱచెను. 1738లో స్వదేశము చేరి, తనకు విశ్వాసమే లేదని గుర్తించి, బోధ మానుకొనుటయే న్యాయమని తలచెను. పీటర్ బోలర్ అను మొరేవియనుడు వలదని వారించెను. విశ్వాసము కలుగువఱకు విశ్వాసమునే బోధింపుమనియు, కలిగినపిదప నా బోధ తనంత వచ్చుననియు నతని యభిప్రాయము. ఆ యేడు మే 24వ తేదీన, లండనులోని ఆల్డర్స్‌గేటు వీథియం దొక కూటమున, వెస్లీకి హృదయశాంతి లభించెను. పదవి వచ్చిన పదుమూడేండ్లకు బిలుపు వచ్చెనన్నమాట!

1742లో నతడు ఎప్‌వర్తునకు బోగా, నచ్చటి గురువు ప్రసంగవేదిక నియ్యలేదు. వెస్లీ వెలుపల దన తండ్రి సమాధిపై నిలిచి జనసమూహమునకు బోధించెను. తండ్రి కోరినను 1734లో దాను వలదన్న గురుస్థాన మదియే.

అట్టివాడును అంతకు మున్నొకమారు మఱియొకనికి దలుపు మూయబోయెను. థామస్ మాక్స్‌ఫీల్డు అనునతడు గురుపదవి లేకయే బోధించుచున్నాడని విని, యతని నాపుటకై వెస్లీ లండనునకు బరుగెత్తుకొనివచ్చెను. తల్లి సుసన్నా యడ్డుపడి, ఆతని బోధ యెట్టి ఫలము లిచ్చినదో మొదట జూడుమని, నీవును స్వయముగా వినుమని చెప్పెను. వెస్లీ విని యొప్పుకొనెను. 1746 నాటి మెథడిస్టు సభలో నీ మార్గమే నియమమయ్యెను: పిలుపు గలదనువానియందు దైవకృపయు, బోధింపగల నేర్పును, ఫలమును గలవా యని చూడవలెను.

జీతము పాపము గాదు. బోధకుడు బోధవలన జీవింపవచ్చునని చెప్పిన పౌలే కొరింథులో డేరాలు కుట్టి పొట్టబోసికొనెను. పిలుపు పదవికి ముందు రావచ్చును, వెనుక రావచ్చును. ఎన్నడు రాకయు బోవచ్చును. రానిచోట బదవిని బట్టుకొని వ్రేలాడుటయే దోషము. కాన కుమారుని బోధకునిగా జేయదలచు తల్లిదండ్రులు వాని కేమి వచ్చునని గాక, వానివలన నితరుల కేమి కలుగునని యడుగవలెను.

మేమును జీతమునకే బడిలో జేరితిమి. పిల్లలు మమ్ము బంతుళ్లను జేసిరో లేదో చెప్పవలసినవారు మేము గాము, వారే.