పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు

మా పరిగి ప్రాంతమున ఆదివారము ప్రార్థనా మందిరములనుండి వినవచ్చు తెలుగు పాటను మీలో పెక్కురు వినియుందురు. అట్టి పాటకు బాట వేసిన పెద్దలలో పురుషోత్తమ చౌదరిగారు అగ్రగణ్యులు. గంజాము సీమలో 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో క్రైస్తవ మతము పుచ్చుకొనిరి. ఆ కాలమున అట్టివారికి స్వజనముతో పొత్తు నిలుచుట దుర్లభము. అయినను తాము పుట్టి పెరిగిన రాగతాళములను మాత్రము వారు విడువలేదు.

ఇది చిన్న విషయము గాదు. ఆంగ్లేయుల బాణీకి తెలుగు మాటలు తగిలించినచో హ్రస్వము సాగి దీర్ఘమగును. 'పడు' అన్నది 'పాడు' అని వినబడును. చిరకాలము బాలురకు ఛందస్సు చెప్పిన నా చెవికి అది ములుకువలె నుండును. చౌదరిగారు పల్లవియు చరణములును గల కీర్తన మార్గమునే పట్టిరి. అందుచే అక్షరము రానివాడును రెండు మూడు మారులు విని పాడుకొనగలిగెను. ఆ కీర్తనలలో పెక్కింట నన్ను బ్రోవుమను మొరయే వినవచ్చును. వారి స్వీయచరిత్ర యన్నచో నాకు అదియే.

1890లో వారు గతించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున పాటలకు రాగతాళముల పేర్లు నేటికిని ముద్రింపబడుచున్నవి. సందేహము గలవారు పొరుగింట నడిగి చూడవచ్చును.