ఎండ కాసే సీమలో ఎండకు దూరం

విడపనకల్లులో కరువు వానకే గానీ ఎండకు కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లాలో, ఉరవకొండ దాటి బళ్లారి వైపు పోయే ఈ మెట్టపొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ల నెత్తిమీద కొంగు తప్ప వేరే నీడ ఉండదు. అలాంటి మనిషికి లూపస్ వస్తే డాక్టరు రెండు మాటలు చెప్తాడు: ఎండలోకి పోవద్దు, విటమిన్ డి వేసుకో. పుట్టి పెరిగిందే ఎండలో కదా, ఎండ ఇచ్చే విటమిన్ నాకెందుకు తక్కువైంది అని ఆమెకు అనుమానం వస్తే అందులో తప్పు లేదు. దానికి జవాబు నూట డెబ్బై ఏళ్ల చరిత్రలో ఉంది.

లాటిన్‌లో లూపస్ అంటే తోడేలు. తోడేలు కొరికినట్టు ముఖాన్ని తినేసే పుండ్లకు యూరప్ వైద్యులు పెట్టిన పేరది. ఆ ఒక్క పేరు కింద రెండు జబ్బులు ఇమిడిపోయాయి. ఒకటి చర్మానికి వచ్చే క్షయ, లూపస్ వల్గారిస్. రెండోదాన్ని 1851లో పారిస్ వైద్యుడు కాజెనావ్ లూపస్ ఎరిథెమటోసస్ అన్నాడు. ఇది చర్మంతో ఆగదని, జ్వరం, కీళ్లనొప్పులతో ఒళ్లంతా పాకుతుందని 1872లో వియన్నాలో కపోసి రాశాడు. మనం ఇప్పుడు లూపస్ అంటున్నది దీన్నే.

వెలుగు మొదట నయం చేసింది మాత్రం ఆ మొదటి లూపస్‌ను. కోపెన్‌హాగన్‌లో ఫిన్సెన్ కాంతి కిరణాలతో చర్మక్షయను తగ్గించి 1903లో నోబెల్ అందుకున్నాడు. 1919లో బెర్లిన్ వైద్యుడు హుల్డ్‌షిన్‌స్కీ అతినీలలోహిత దీపంతో పిల్లల ఎముకలు మెత్తబడే రికెట్స్‌ను మాన్పాడు. 1922లో అమెరికాలో మెకాలమ్ బృందం కాడ్‌లివర్ నూనెలో ఎముకలను కాపాడే పదార్థం విటమిన్ ఏ కాదని, వేరొకటని తేల్చింది. అదే విటమిన్ డి. ఎండ, నూనె చేసే పని ఒకటేనని అలా తెలిసింది. 1940లలో ఫ్రాన్స్‌లో షార్పీ, ఇంగ్లండ్‌లో డౌలింగ్ చర్మక్షయకు ఈ విటమిన్‌నే పెద్ద మోతాదుల్లో ఇచ్చారు. పుండ్లు మానాయి గానీ, మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయని కూడా తెలిసొచ్చింది. క్షయకు అసలు మందులు వచ్చాక ఆ వైద్యం మూలబడింది.

రెండో లూపస్ నడక దీనికి పూర్తిగా ఎదురు. 1948లో మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ లూపస్ రోగుల్లో కనిపించే ఎల్.ఈ. కణాన్ని గుర్తించాడు. శరీర రక్షణవ్యవస్థ సొంత కణాల కేంద్రకాల మీదికే తిరగబడుతోందని ఆ తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఎండకు చర్మకణాలు చస్తే వాటి కేంద్రక పదార్థం బయటపడి ఆ మంటకు ఆజ్యమవుతుంది. రోగుల్లో పదింట తొమ్మిదిమంది ఆడవాళ్లే. స్టెరాయిడ్లు, మలేరియా మందులు ప్రాణం నిలబెట్టాయి. స్టెరాయిడ్లు ఎముకలను గుల్ల చేస్తాయి కాబట్టి కాల్షియంతో పాటు విటమిన్ డి ఇచ్చేవాళ్లు. చాలాకాలం దాని పని అంతే.

1983లో తెల్ల రక్తకణాల్లోనూ విటమిన్ డిని అందుకునే గ్రాహకాలు ఉన్నాయని బయటపడింది. దాంతో ప్రశ్నే మారిపోయింది: ఇది ఎముకల విటమినా, రక్షణవ్యవస్థకు పగ్గమా? లూపస్ రోగుల్లో చాలామందికి డి తక్కువని అధ్యయనాలు చెప్పాయి. అయితే లోపం వల్ల జబ్బు ముదిరిందా, జబ్బు వల్ల నీడపట్టున ఉండి లోపం వచ్చిందా? ఈజిప్టులో 2013 నాటి పరీక్షలో రోజుకు 2,000 యూనిట్లు ఏడాదిపాటు ఇస్తే జబ్బు ఉధృతి తగ్గింది. అమెరికాలో 2015 నాటి పన్నెండు వారాల పరీక్షలో లూపస్‌లో పెరిగే ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణవ్యవస్థ సంకేతం జాడలు మారలేదు. 2022లో 25,871 మంది పెద్దవయసు అమెరికన్ల మీద ఐదేళ్ల పరిశీలన ఫలితాలు వచ్చాయి. విటమిన్ వేసుకున్నవాళ్లలో స్వయంప్రతిరక్షక జబ్బులు 22 శాతం తక్కువగా వచ్చాయి. అది జబ్బు రాకముందు సంగతి. వచ్చిన లూపస్‌ను తగ్గిస్తుందనడానికి రుజువు కాదు.

విడపనకల్లు ఆడమనిషి అనుమానానికి మాత్రం తిరుపతి జవాబిచ్చింది. అక్కడి స్విమ్స్ వైద్యసంస్థలో సి.వి. హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పల్లె మగవాళ్లలోనే 44 శాతం మందికి, ఆడవాళ్లలో 70 శాతం మందికి విటమిన్ డి లోపం కనిపించింది. కాల్షియం చాలని తిండి, దాన్ని ఒంటబట్టనీయని గింజల్లోని ఫైటేట్లు శరీరంలోని డి నిల్వలను ఇంకా కరిగిస్తాయి. ఎండ ఉన్నంత మాత్రాన డి ఉన్నట్టు కాదన్నమాట. తిరుపతి ఎండలో ఈ విటమిన్ బాగా తయారయ్యే వేళ పగలు 11 నుంచి 2 దాకా అని అదే పరిశోధకుడి తర్వాతి పని చూపింది. లూపస్ ఉన్న మనిషి గడప దాటకూడని వేళ కూడా సరిగ్గా అదే.

కాబట్టి ఆమె చేతిలోని విటమిన్ డి లూపస్‌కు విరుగుడు కాదు. వదులుకున్న ఎండకు బదులు. లూపస్‌కు వాడే మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ మానేసి దీన్ని నమ్ముకోకూడదు. రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పిన మోతాదు దాటకూడదు. ఆ మోతాదు మందుల అంగట్లో దొరుకుతుంది. పదకొండు దాటాక నీడపట్టున కూలి మాత్రం ఆ పొలాల్లో దొరకదు.