తేలిన తీర్పును తిరిగి అడగవచ్చునా? – స్కాట్లాండ్ చెప్పే పాఠం

సర్వీసులో ఉన్న రోజుల్లో మనమందరం ఆప్షన్ ఫారాలు నింపినవాళ్లమే. ఒకసారి ఇచ్చిన ఆప్షన్ అంతిమమని వాటితోపాటే చెప్పేవారు. అయినా పరిస్థితులు మారినప్పుడు మూసిన తలుపు మళ్లీ తెరిచిన సందర్భాలూ లేకపోలేదు. 2010 నాటి ఒప్పందంతో బ్యాంకు ఉద్యోగులకు పెన్షన్ కోసం రెండవసారి ఆప్షన్ లభించిన సంగతి చాలామందికి విదితమే. మరి ఒక దేశ ప్రజలంతా ఓటువేసి తేల్చిన విషయాన్ని తిరిగి అడగవచ్చునా? స్కాట్లాండ్‌లో ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రశ్న ఇదే.

స్కాట్లాండ్, ఇంగ్లండ్ దేశాలకు 1603 నుండి రాజు ఒక్కడే అయినా, పార్లమెంటులు వేరుగా ఉండేవి. 1707 మే 1న అవి ఒకటయ్యాయి. న్యాయవ్యవస్థ, చర్చి, విద్య మాత్రం స్కాట్లాండ్‌కు ప్రత్యేకంగానే మిగిలాయి. అందువల్ల ఇల్లు ఒకటైనా పొయ్యి వేరన్న భావన అక్కడ ఎన్నడూ చావలేదు.

సొంత శాసనసభ కావాలా అని 1979లో అడిగితే, ఓటు వేసినవారిలో 51.6 శాతం కావాలన్నారు. కాని మొత్తం ఓటర్లలో 40 శాతం ఆమోదం ఉండాలన్న నిబంధన వల్ల అది వీగిపోయింది. 1997లో మళ్లీ అడిగితే 74.3 శాతం కావాలన్నారు. 1999లో ఎడింబరోలో పార్లమెంటు కొలువుదీరింది. అంటే ఆ దేశానికి రెండవసారి ఓటు వేయడం కొత్త కాదు.

అసలు పరీక్ష 2014 సెప్టెంబరు 18న జరిగింది. స్వతంత్ర దేశంగా విడిపోవాలా అన్న ప్రశ్నకు 84.6 శాతం ఓటర్లు కదలివచ్చారు. వద్దన్నవారు 55.3 శాతం, కావాలన్నవారు 44.7 శాతం. విడిపోతే మన పెన్షన్ ఎవరు ఇస్తారు, ఏ నాణెంలో ఇస్తారు అన్నది ఆనాటి ప్రచారంలో ముఖ్యాంశం. వృద్ధులలో అత్యధికులు కలిసి ఉండటానికే మొగ్గారని సర్వేలు తెలిపాయి. జీవితాంతం చందా కట్టినవాడు తన మలిసంధ్యను పందెం కాయడానికి వెనుకాడటంలో వింతేముంది?

ఒక తరానికి ఒకసారి వచ్చే అవకాశమని ఉభయపక్షాలూ చెప్పిన ఓటు అది. అయితే రెండేళ్లలోనే కథ మారింది. బ్రిటన్‌తో ఉంటేనే యూరోపియన్ యూనియన్‌లో స్థానం పదిలమని 2014లో ఐక్యతావాదులు గట్టిగా వాదించారు. 2016 జూన్ 23న బ్రిటన్ మొత్తంగా 51.9 శాతంతో ఆ యూనియన్‌ను వీడాలని తీర్పు చెప్పింది. స్కాట్లాండ్‌లో మాత్రం 62 శాతం ఉండాలనే అన్నారు. ఏ హామీని నమ్మి ఓటు వేశారో, ఆ హామీయే 2020 జనవరి 31న కాలగర్భంలో కలిసింది.

శాఖాపరమైన ఉత్తర్వులపై పునర్విచారణకు మనకు తెలిసిన సూత్రం ఒకటుంది. తీర్పు నచ్చలేదన్నది కారణం కాదు. అప్పుడు లేని, కేసు స్వరూపాన్నే మార్చగల కొత్త విషయం ఉండాలి. ఈ గీటురాయిపై స్కాట్లాండ్ వాదనలో బలముందనే చెప్పాలి. కాని అడిగే అధికారం ఎవరిది? 2017లో చేసిన అభ్యర్థనను లండన్ ప్రభుత్వం అంగీకరించలేదు. లండన్ సమ్మతి లేకుండా స్కాట్లాండ్ పార్లమెంటు అందుకు చట్టం చేయజాలదని 2022 నవంబరు 23న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

రెండవసారి అడిగితే ఏమవుతుందో కెనడాలోని క్యుబెక్ చూసింది. 1980లో అక్కడ విడిపోవడానికి బాటవేసే ప్రతిపాదనను దాదాపు 60 శాతం తిరస్కరించారు. 1995లో తిరిగి అడిగితే తేడా 54,288 ఓట్లకు కుంచించుకుపోయింది. వద్దన్నవారు 50.58 శాతం మాత్రమే. ఆ గొడవ కాలంలో కొన్ని పెద్ద సంస్థలు తమ ప్రధాన కార్యాలయాలను మాంట్రియల్ నుండి టొరంటోకు తరలించుకున్నాయి. ప్రశ్న స్పష్టంగా ఉండాలి, ఆధిక్యత స్పష్టంగా ఉండాలి, అప్పుడు చర్చలు జరపడం ఉభయుల బాధ్యత అని కెనడా సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. 2000లో దానికి తోడుగా చట్టమూ వచ్చింది. అయితే ఎంత శాతమైతే స్పష్టమో అందులో అంకె లేదు.

ఈ అనుభవాల నుండి తేలేది ఒకటి. ఓడినవారు గెలిచేదాకా అడుగుతూపోతే ఓటుకు విలువ ఉండదు, ఊరికి నిలకడ ఉండదు. అలాగని ఒకనాటి తీర్పును శిలాశాసనం చేసి, ఆధారం కూలినా మళ్లీ అడగరాదంటే అదీ న్యాయం కాదు. రెండవ ఓటుకు అర్థముండాలంటే పరిస్థితి నిజంగా మారి ఉండాలి. ఎన్నేళ్ల తరువాత, ఎంత ఆధిక్యతతో అన్నది ఓటుకు ముందే రాసుకోవాలి. పెన్షన్, అప్పులు, నాణెం, సరిహద్దు వంటి లెక్కలు ప్రజల ముందు పెట్టాలి. 2014లో ఆ గడువును కాగితంపై పెట్టకుండా మాటగా వదిలేశారు. ఒక తరమంటే ఎన్నేళ్లో ఈనాటికీ ఎవరి లెక్క వారిదే.