మాతృకణానికి సాక్ష్యం: కణశ్రేణుల రూపకల్పనలో యాంత్రీకరణ

జీవ ఔషధాల తయారీలో యాంత్రీకరణ అనగానే వేగం, వ్యయం గుర్తుకువస్తాయి. అయితే కణశ్రేణుల రూపకల్పన చరిత్రను పరిశీలిస్తే యంత్రం రాకకు మరొక ముఖ్య కారణం కనిపిస్తుంది. ఔషధాన్ని ఇచ్చే కణాలన్నీ ఒకే మాతృకణం సంతతి అని నిరూపించవలసిన అవసరమే ఆ కారణం.

ప్రయోగశాలలో దీర్ఘకాలం విభజన చెందుతూ పెరిగే కణ సంతతిని కణశ్రేణి లేదా సెల్ లైన్ అంటారు. తొలినాళ్లలో ఒంటరి కణాన్ని పెంచడం ఎంతో కష్టంగా ఉండేది. 1955లో కొలరాడోలో థియోడర్ పక్, ఫిలిప్ మార్కస్ దీనికి సులువైన మార్గం చూపారు. ఎక్స్ కిరణాల వల్ల విభజన శక్తి కోల్పోయిన కణాలను పోషక పొరగా పరచి, వాటి తోడుతో ఒంటరి హీలా కణాలను పెంచారు. 1957లో పక్ చైనీస్ హామ్‌స్టర్ అండాశయం నుంచి నెలకొల్పిన సి.హెచ్.ఓ. కణశ్రేణి తర్వాతి కాలంలో ఔషధ పరిశ్రమకు ఆధారమైంది. 1987లో అమెరికా ఆమోదించిన ఆల్టెప్లేస్ ఈ కణాలలో తయారైనదే.

కోరిన ప్రొటీన్ జన్యువును కణాలలోకి చొప్పించినప్పుడు అది ఒక్కో కణంలో ఒక్కో చోట చేరుతుంది. అందుచేత ఉత్పత్తి కూడా కణానికొక తీరుగా ఉంటుంది. మేలైన కణాన్ని వేరుచేయడానికి పరిశోధకులు కణ ద్రావణాన్ని బాగా పలుచన చేసి, 96 గుంటల ప్లేటులో పిపెట్టుతో పంచేవారు. సగటున రెండు గుంటలకు ఒక కణం చొప్పున పంచినా, పాయిజాన్ సూత్రం ప్రకారం సుమారు 58 గుంటలు ఖాళీగా మిగులుతాయి. 29 గుంటలలో ఒక్కో కణం, 9 గుంటలలో అంతకు మించి ఉంటాయి. అంటే కణాలు చేరిన గుంటలలో దాదాపు నాలుగోవంతు ఏకకణ సంతతి కావు. ఈ సందేహాన్ని తగ్గించడానికి అదే ప్రక్రియను మరోసారి జరపవలసి వచ్చేది.

1997లో వెలువడిన ఐ.సి.హెచ్. క్యూ5డి మార్గదర్శకం కణాల మూలమూ చరిత్రా నమోదై ఉండాలని నిర్దేశించింది. ఈ నేపథ్యంలో యంత్రం పాత్ర పెరిగింది. కణాలను ఒక్కొక్కటిగా గుంటలలో వేసే యంత్రాలు, తొలిరోజు నుంచే ప్రతి గుంటనూ చిత్రించే కెమెరాలు వచ్చాయి. అంచనాకు తోడుగా ఛాయాచిత్రం ఆధారమైంది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో విడుదల చేసిన రెడిటక్స్ వంటి బయోసిమిలర్లకూ ఇది ముఖ్యమే. మూల ఔషధ సంస్థ కణశ్రేణి ఇతరులకు అందదు కనుక, బయోసిమిలర్ తయారీదారు తన కణశ్రేణిని మొదటి నుంచి రూపొందించుకోవాలి.

అయితే ఛాయాచిత్రం మాతృకణాన్ని మాత్రమే చూపగలదు. సి.హెచ్.ఓ. కణాల క్రోమోజోములు తరతరానికీ మార్పు చెందుతుంటాయి. కాబట్టి సంతతి స్థిరంగా ఉందా లేదా అన్నది దీర్ఘకాల పరీక్షలతోనే తేలాలి. ఆ ఫలితాలను తూచి ఏ కణశ్రేణిని నిలుపుకోవాలో నిర్ణయించే బాధ్యత నేటికీ పరిశోధకునిదే.