లైసోఫాస్ఫాటిడిక్ ఆమ్లం, అవయవాల ఫైబ్రోసిస్

లైసోఫాస్ఫాటిడిక్ ఆమ్లం ఒక చిన్న కొవ్వు అణువు. వైద్యులు దీన్ని పొట్టిగా ఎల్‌పీఏ అంటారు. గ్లిజరాల్‌కు ఒకవైపు ఫ్యాటీ ఆమ్లపు తోక, మరోవైపు ఫాస్ఫేట్ ఉంటాయి. దాని నిర్మాణం అంతే. కొవ్వు అనగానే ఒంట్లో పేరుకునే నిల్వో, కణం చుట్టూ ఉండే పొరో గుర్తుకొస్తుంది. కానీ కొన్ని కొవ్వులు కణం నుంచి కణానికి కబురు మోస్తాయి. వాటిలో ఎల్‌పీఏ ముఖ్యమైనది. గాయమైన చోట పుట్టి, చుట్టుపక్కల కణాలను రప్పించి, గాయం మానేందుకు తోడ్పడుతుంది. ఆ పిలుపు ఎడతెగకుండా సాగితే మాత్రం అవయవం లోపల మచ్చ కడుతుంది. ఆ మచ్చకట్టుడునే ఫైబ్రోసిస్ అంటారు.

మోకాలు దోక్కుపోతే చర్మం కింద జరిగే పనే లోపలి అవయవాల్లోనూ జరుగుతుంది. ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు గాయం దగ్గరికి పాకుతూ వచ్చి కొల్లాజెన్ అనే పీచు ప్రొటీన్‌ను అల్లుతాయి. కొన్ని కండర కణాల్లా ముడుచుకునే మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి గాయం అంచులను దగ్గరికి లాగుతాయి. పని పూర్తయ్యాక అవి చనిపోవాలి. మోకాలి మీద మచ్చ మిగిలినా నడకకు అడ్డు రాదు. ఊపిరితిత్తిలో అలా కాదు. గాలికీ రక్తానికీ మధ్య ఉండే గోడ మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా పలచగా ఉండాలి. అక్కడ పీచు పేరుకుంటే ఆక్సిజన్ దాటలేదు.

ఎల్‌పీఏ పుట్టుక

రక్తంలో లైసోఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే కొవ్వు ఎప్పుడూ పుష్కలంగా ఉంటుంది. ఆటోటాక్సిన్ అనే ఎంజైమ్ దాని నుంచి కోలిన్‌ను తెంచేస్తే మిగిలేది ఎల్‌పీఏ. రక్తప్రవాహంలో దాని ఆయుష్షు నిమిషాలే, ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైములు వెంటనే దాన్ని నిర్వీర్యం చేస్తాయి. తాజా ప్లాస్మాలో తక్కువగా ఉండే ఎల్‌పీఏ రక్తం గడ్డకట్టాక మిగిలే సీరంలో బాగా పెరుగుతుంది. గాయానికీ ఈ అణువుకూ ఉన్న బంధం అక్కడే తెలుస్తుంది.

ఈ జ్ఞానం ఒక్క దారిలో రాలేదు. ఎల్‌పీఏ ఫైబ్రోబ్లాస్టులను విభజన వైపు నెడుతుందని 1989లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వౌటర్ మూలెనార్ బృందం చూపింది. 1992లో అమెరికా శాస్త్రవేత్తలు మెలనోమా క్యాన్సర్ కణాలు పెరిగిన ద్రవంలో, కణాలను కదిలించే ఒక ప్రొటీన్‌ను పట్టుకుని ఆటోటాక్సిన్ అని పేరు పెట్టారు. అది చేసే అసలు పని వాళ్లకు అప్పుడు తెలియదు. 1996లో జెరాల్డ్ చున్ బృందం ఎదుగుతున్న ఎలుక మెదడును పరిశీలిస్తూ ఎల్‌పీఏను గుర్తుపట్టే మొదటి గ్రాహకాన్ని కనుగొంది. ఇప్పటికి అలాంటివి ఆరు తెలుసు. చివరకు 2002లో జపాన్‌లోని రెండు బృందాలు ఆటోటాక్సినే ఎల్‌పీఏను తయారుచేసే ఎంజైమ్ అని తేల్చడంతో క్యాన్సర్, మెదడు, రక్తం పరిశోధనలు ఒకచోట కలిశాయి. ఈ ఎంజైమ్ పూర్తిగా లేని ఎలుక పిండాలు రక్తనాళాలు సరిగా ఏర్పడక గర్భంలోనే చనిపోతాయి. అంటే ఎల్‌పీఏ శత్రువు కాదు. దాన్ని అణచాలనుకునే ప్రతి వైద్యుడూ ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఇదే.

ఊపిరితిత్తిలో

ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్ కారణం తెలియకుండా వచ్చే జబ్బు, ఎక్కువగా 60 ఏళ్లు దాటినవారికి వస్తుంది. పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం, స్టెతస్కోపులో వెల్క్రో విప్పినట్టు చిటపటలు దీని గుర్తులు. ఈ జబ్బులో ఎల్‌పీఏ పాత్రను స్పష్టంగా చూపింది బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఆండ్రూ టేగర్ బృందం 2008లో ప్రచురించిన పరిశోధన. బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు ఊపిరితిత్తులను గట్టిపరచగలదు. ప్రయోగశాలలో ఎలుకల్లో ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ తెప్పించడానికి ఎక్కువగా వాడేది దాన్నే. మొదటి గ్రాహకం ఎల్‌పీఏ1 లేని ఎలుకలకు ఆ మందు ఇచ్చినా ఫైబ్రోసిస్ బాగా తక్కువగా వచ్చింది, మరణాలూ తగ్గాయి. ఈ జబ్బున్న మనుషుల ఊపిరితిత్తులను సెలైన్‌తో కడిగి తీసిన ద్రవంలో ఎల్‌పీఏ ఎక్కువగా కనిపించింది.

వాయుగోణుల లోపలి పొర దెబ్బతిన్నప్పుడు రక్తనాళాల నుంచి ప్లాస్మా లోపలికి కారుతుంది. దానితోపాటు ముడిసరుకు కొవ్వూ, ఆటోటాక్సినూ వచ్చి అక్కడే ఎల్‌పీఏను తయారుచేస్తాయి. అది ఎల్‌పీఏ1ను తట్టగానే ఫైబ్రోబ్లాస్టులు వాయుగోణుల వైపు కదులుతాయి, రక్తనాళాలు మరింత కారతాయి, దెబ్బతిన్న పొర కణాలు ఇంకా చనిపోతాయి. కారడం వల్ల ఎల్‌పీఏ, ఎల్‌పీఏ వల్ల మళ్లీ కారడం: ఈ చక్రం తనంతట తాను తెగదు. మరో గ్రాహకం ఎల్‌పీఏ2 ద్వారా అదే అణువు, మచ్చకట్టే ప్రక్రియకు పెద్ద పెత్తందారైన టీజీఎఫ్-బీటాను నిద్రలేపుతుంది. కణం లోపల రోఏ అనే ప్రొటీన్ ఆక్టిన్ పోగులను బిగించడంతో కణం గట్టిగా లాగే శక్తి పుంజుకుంటుంది.

కొవ్వు సంకేతాలన్నీ ఇటే లాగవు. ప్రోస్టాగ్లాండిన్ ఈ2 ఫైబ్రోబ్లాస్టులను నెమ్మదింపజేస్తుంది. ఈ రోగుల ఊపిరితిత్తుల నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టులు దాన్ని తయారుచేయడంలో వెనకబడతాయి. గ్యాస్ పెడల్ నొక్కుకుపోవడమే కాదు, బ్రేకూ వదులైందన్నమాట.

ఇతర అవయవాలు

మూత్రనాళం కట్టేసిన ఎలుకల మూత్రపిండాల్లోనూ, బ్లియోమైసిన్‌తో గట్టిపడిన చర్మంలోనూ ఎల్‌పీఏ1 లేకపోవడం రక్షణ ఇచ్చింది. కాలేయం కథ కొంచెం వేరు. రక్తంలోని ఆటోటాక్సిన్‌ను తొలగించేదే కాలేయం, అందుకే అది గట్టిపడేకొద్దీ రక్తంలో ఆటోటాక్సిన్ పెరుగుతుంది. జపాన్‌లో కాలేయ ఫైబ్రోసిస్ తీవ్రతను అంచనా వేయడానికి దీన్ని రక్తపరీక్షగా వాడుతున్నారు. పైత్యరసం ఆగిపోయిన రోగులను నిద్రపోనివ్వని దురదకూ ఈ ఎంజైముకూ సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి.

మందుల వేట

ఇప్పుడు ఎక్కువగా వాడే పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ జబ్బు వేగాన్ని తగ్గిస్తాయే తప్ప ఆపలేవు. అందుకే ఆటోటాక్సిన్‌ను అడ్డుకునే జిరిటాక్సెస్టాట్ మీద అంత ఆశ పెట్టుకున్నారు. 23 మందితో 12 వారాలు సాగిన తొలి పరీక్షలో, మందు వాడినవారి శ్వాస సామర్థ్యం నిలకడగా ఉంటే, ఉత్తుత్తి మాత్ర వాడినవారిది 87 మిల్లీలీటర్లు తగ్గింది. ఆ తర్వాత 1306 మందితో రెండు పెద్ద పరీక్షలు జరిగాయి. మందు మేలు చేయకపోగా, వాడినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించడంతో 2021 ఫిబ్రవరిలో వాటిని ఆపేశారు. అంత మంది రోగులు నమ్మకంతో మాత్రలు మింగి ఇచ్చిన సమాధానం ఇది. 23 మందిలో కనిపించిన తేడాను రుజువుగా తీసుకోరాదని ఇంతకన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ అరుదు.

ఎల్‌పీఏ పుట్టుకను ఆపడానికి బదులు గ్రాహకాన్ని మూసే ప్రయత్నం మరో దారి. ఎల్‌పీఏ1ను అడ్డుకునే తొలి మందు శ్వాస తగ్గుదలను నెమ్మదింపజేసినా, పిత్తాశయం వాపు కేసులు రావడంతో పక్కన పెట్టారు. ఆ హాని గ్రాహకం వల్ల కాదని, ఆ రసాయనం పైత్య ప్రవాహాన్ని అడ్డుకోవడం వల్లనని తర్వాతి పరిశీలనల్లో తేలింది. దాని తర్వాతి తరం అడ్మిల్‌పరాంట్ రెండో దశలో 60 మిల్లీగ్రాముల మోతాదులో ఆశ కలిగించింది. 2023లో మూడో దశ మొదలైంది. ఒక పరీక్ష ఇడియోపతిక్ జబ్బు మీద, మరొకటి ఇతర కారణాలతో ముదిరే ఫైబ్రోసిస్ మీద.

మన దేశానికి ఆ రెండోది ఎక్కువ ముఖ్యం. 2017లో వెలువడిన ఇంటర్‌స్టీషియల్ ఊపిరితిత్తుల జబ్బుల భారతీయ రిజిస్ట్రీలోని 1084 మంది రోగుల్లో 47.3 శాతం మందిది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ (పీల్చిన పదార్థాలకు అతిగా స్పందించి ఊపిరితిత్తి వాచే జబ్బు), ఇడియోపతిక్ జబ్బు 13.7 శాతమే. మొదటి రకం వారిలో దాదాపు సగం మందికి ఎయిర్ కూలర్ వాడకం ఉంది. కూలర్ తడిలో పెరిగే బూజు గాలితోపాటు లోపలికి వెళ్తూనే ఉంటే, ఊపిరితిత్తిలో గాయం మానే అవకాశమే ఉండదు.